కొండచిలువ గూట్లో గన్నేరు కొమ్మ

బ్రోనీ,

మీ అమ్మ పెంచిన కొండచిలువ గూట్లో గన్నేరు కొమ్మ పెట్టింది నువ్వే. పూలు బాగున్నాయని పెట్టావు. దాని పాలు విషం. పామును దిండు గలీబులో వేసుకుని గింపీ టౌన్లో పశువుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను.

నేను వచ్చేలోగా గూడంతా ఖాళీ చేసి వేడినీళ్లతో కడుగు. కింద పరచిన బెరడు కూడా పారెయ్. పైన్ చెక్క పెట్టకు, ఆ జిగురు పాముకు పడదు. షెడ్డు వెనకున్న బాటిల్‌బ్రష్ చెట్టుకు ఎవరూ మందు కొట్టలేదు. దాని కొమ్మ కోసి, మరిగే నీళ్లు పోసి, ఎండబెట్టి గూట్లో ఓ పక్కన పెట్టు. రాళ్లు కదలకుండా అడుగుకు ఆనించు, దొర్లితే పాము నలిగిపోతుంది. "కొమ్మైనా మొగుడైనా కడిగాకే లోపలికి" అనేది మీ అమ్మ. ఆమె ఉన్నన్నాళ్లూ నేను పెరటి కొళాయి దగ్గరే కాళ్లు కడుక్కున్నాను.

పాతదని నువ్వు గూట్లోంచి తీసి కట్టెల్లో పడేసిన కొమ్మ మీ అమ్మ వాగులోంచి మోసుకొచ్చింది. తీసి వరండాలో పెట్టాను. గూడు మధ్యలో దాన్నే నిలబెట్టు.

నాన్న

తా.క. మీ అమ్మ పోయాక పాము ఆ కొమ్మ మీదే పడుకునేది. నేను ఎదురుగా కూర్చునేవాణ్ణి. పాము బతికినా చచ్చినా, ఈ గన్నేరు సంగతి నీ దగ్గర ఇంకెప్పుడూ ఎత్తను.