శ్రావ్య విసిరిన సీసా

నల్లగండ్ల, మంగళవారం రాత్రి

మా మనవరాలు శ్రావ్య ఇవాళ మొగుడి మీదికి స్టీలు సీసా విసిరింది. అది కిరణ్ చెవి పక్కనుంచి దూసుకెళ్లి టీవీని పగలగొట్టింది.

ఆఫీసులో అందరి రిపోలూ, అంటే కోడు మూటలు, కలిపి ప్రోగ్రాం తయారుచేసే బిల్డ్‌లోకి ఇది కొత్త రిపో ఒకటి దింపిందట. చూసుకోకుండా డిపెండెన్సీలతో, అంటే అది ఆధారపడే వేరే కోడుతో సహా రమ్మందట. అవి మిగతా టీముల వెర్షన్లను తోసేసి కూర్చున్నాయి, పెళ్లికొడుకుని పిలిస్తే బంధువర్గమంతా దిగినట్టు. అందరి పనీ ఆగిపోయింది.

"ఏంది గిది? దిమాఖ్ ఉందా నీకు?" అని టీమ్ లీడ్ ఫోనులో అరిచాడు. "కాస్త చూసుకోవాల్సింది కదా" అని కిరణ్ నవ్వాడు. వెంటనే సీసా లేచింది.

"దీనికి గురి లేదు కాబట్టి బతికానండీ అమ్మమ్మగారూ" అంటూ పెంకులు ఊడ్చాడు, వెర్రిబాగులాడు.

స్కూల్లో త్రోబాల్ కప్పులన్నీ శ్రావ్య గెలిచినవే. గురి తప్పిందా, తనే తప్పించిందా అని అడిగే ధైర్యం నాకు చాలలేదు.