మనసులు చదివే పిల్లతో జాగ్రత్త!

ఏమండీ, ప్రజాహితం కోరి ఈ హెచ్చరిక! మన చిన్నది మనసులు చదివేస్తోంది. నాలుగింటికి బడి నుంచి వస్తుంది. పాలు వేడిచేసి ఇవ్వండి, కళ్లలోకి మాత్రం చూడకండి. కుక్కపిల్ల ఊసు తలపులోకి కూడా రానివ్వకుండా పదిహేడో ఎక్కం చదువుకుంటూ ఉండండి. పోయిన పుట్టినరోజుకి సైకిల్ గుట్టు మీ బుర్రలోంచే బయటపడింది. "నాన్న ఊరికే నవ్వుకుంటుంటే తెలిసిపోయిందమ్మా" అంది. నా దగ్గర దాని పాచికలు పారవు. ఆరింటికల్లా కుక్కపిల్లతో వచ్చేస్తాను. ఈసారి దాని మొహంలో ఆశ్చర్యం చూసి తీరాలి!

తా.క.: ఎక్కం అక్కర్లేదు. బయల్దేరబోతూ సంచి తెరిస్తే లోపల దాని పాత స్వెటరు, మీద ఓ చీటీ: "అమ్మా, దారిలో కుక్కపిల్లకి చలేస్తుంది, ఇది కప్పు. సాయంత్రం నేను బాగా ఆశ్చర్యపోతాలే. నాన్నకి చెప్పకు."