ఏడో గుంటకి రెండడుగులు తక్కువ

రిసార్టు మేనేజరు గారికి,

నమస్కారం. గది ఖాళీ చేసేటప్పుడు మీ కౌంటరులో అమ్మాయి "మీ అభిప్రాయం రాయండి సార్" అంటూ అరచేతంత కార్డు ఇచ్చింది. నా అభిప్రాయం అందులో పట్టదు. ముప్ఫై నాలుగేళ్ళు భూముల సర్వేలో పనిచేసినవాణ్ణి. ఏదైనా చూసి, సరిచూసి, ఆ తర్వాతే రాస్తాను. అందుకే ఇంటికొచ్చి తీరిగ్గా రాస్తున్నాను.

పన్నెండో నంబరు గదిలో నేనూ మా ఆవిడా రెండు రోజులున్నాం. పరుపు బాగుంది. స్నానాల గదిలో పంపు ఎడమకి తిప్పితే వేడినీళ్ళని రాశారు, కుడికి తిప్పితే వస్తున్నాయి. గోల్ఫ్ మైదానంలో గడ్డి శుభ్రంగా ఉంది. మొదటి ఆరు గుంటలూ ఒప్పుకోదగ్గవే.

ఇక ఏడో గుంట. మిట్ట మీంచి కొట్టాలి. మధ్యలో కొలను, అవతల చిన్న దిబ్బ, దిబ్బ వెనకాల జెండా. బంతి ఎక్కడ పడిందో కొట్టినవాడికి కనపడదు. ముందు నేను కొట్టాను. పక్కకి తప్పుకుని కర్ర తుడుచుకుంటుంటే మా ఆవిడ కొట్టింది. ఆవిడ గోల్ఫ్ కర్ర పట్టుకోవడం జన్మలో అదే మొదలు. ఇంతలో దిబ్బ అవతల నుంచి మీ తోటమాలి "పడిందండోయ్! గుంటలో పడింది!" అని ఒకటే కేకలు. మేం అక్కడికి చేరాక నేను పొదల్లో నా బంతి వెతుక్కుంటున్నాను, మా ఆవిడ గుంటలో చెయ్యి పెట్టి బంతి తీసింది. ఒక్క దెబ్బకి గుంటలో!

నేను పదకొండేళ్ళుగా ఆడుతున్నాను. నాకు ఒక్కసారి కూడా అలా పడలేదు. అది వేరే సంగతి. అసలు సంగతి ఏమిటంటే, అక్కడి బోర్డు మీద దూరం నూట నలభై గజాలని రాశారు. నా కంటికి అంత ఆనలేదు. నూట ముప్ఫై అయిదు గజాలకి తగ్గితే, ఒక్క దెబ్బకి పడినా ఇత్తడి పలక మీద పేరు ఎక్కించరని మీ హాల్లో అద్దం కింద మీరే రాసిపెట్టారు. కనక మా ఆవిడ పేరు చెక్కించేముందు ఒకసారి కొలిపించండి. ఇందులో నా స్వార్థం ఏమీ లేదు.

ఇట్లు,
రిటైర్డు సర్వేయరు

తా.క. నా బంతి దొరకనే లేదు. దాని మీద ఆకుపచ్చ సిరాతో చుక్క ఉంటుంది. బంతి పోయిందని బాధ లేదు. ఎక్కడికి పోయిందో తెలియాలి, అంతే.

---

మాన్యులు సర్వేయరు గారికి,

నమస్కారములు. మీ ఉత్తరం మా సిబ్బంది అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. కట్టుకున్న భార్యకి పేరొస్తుంటే, "ఆగండి, సరిచూసి ఇవ్వండి, ఊరికే వద్దు" అనే భర్తలు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ! మీ నిరాడంబరతకి మా వంటమనిషి కళ్ళు తుడుచుకున్నాడు.

కొలత గురించి మీరు బెంగ పెట్టుకోవద్దు. అమ్మగారి పేరు చెక్కడానికి పలక ఇచ్చేశాం. మామూలు సైజు కాదు, పెద్దదే చెప్పాను. వచ్చే నెల మొదటి ఆదివారం తెర తీస్తాం. తాడు తమరి చేతుల మీదుగానే లాగించాలని అందరి కోరిక. అమ్మగారి ఆట గురించి ఓ పావుగంట మాట్లాడటానికి సిద్ధపడి రండి.

ఇట్లు,
తమ విధేయుడు, మేనేజరు

తా.క. మూడు బంతులు దొరికాయి, పంపుతున్నాను. పంపు కూడా బాగుచేయించాం. ఇప్పుడు ఎటు తిప్పినా చన్నీళ్ళే.

---

మేనేజరు గారికి,

నాది నిరాడంబరత కాదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడిన బంతికి పలకా, తెరా, సభా! పైగా పావుగంట నేను మాట్లాడాలా?

మీరు కొలవరని తేలిపోయింది. కళ్ళ డాక్టరు దగ్గరికని ఇంట్లో చెప్పి, మంగళవారం మొదటి బస్సుకి నేనే వచ్చాను. సర్వీసంతా నాతో తిరిగిన ముప్ఫై గజాల గుడ్డ టేపు తెచ్చుకున్నాను. రెండో కొస పట్టుకునేవాడు లేక దాన్ని నేలకి తాళంచెవితో గుచ్చాను. కొలను దగ్గర ప్యాంటు మడుచుకుని దిగాను. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఒకటే లెక్క: నూట ముప్ఫై నాలుగు గజాల ఒక అడుగు. అంటే మీ నిబంధనకి రెండడుగులు తక్కువ.

ఆ, రెండడుగులే కదా అని తీసిపారెయ్యకండి. రెండడుగుల గట్టు కోసం తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ముల్ని చూశాను నేను.

ఇట్లు,
రిటైర్డు సర్వేయరు

తా.క. ఆ మూడు బంతులూ నావి కావు. ఒకదాని మీద కుక్క పళ్ళ గాట్లున్నాయి.

మరో మాట. నేను వచ్చినట్టు మా ఇంట్లో తెలియకూడదు. జవాబు కవరు మీద 'కళ్ళ ఆసుపత్రి' అని రాయండి.

---

మాన్యులు సర్వేయరు గారికి,

నమస్కారములు. తమరు చెప్పినట్టే కవరు మీద రాశాను.

మంగళవారంనాటి అతిథుల అభిప్రాయాల కార్డులు ఆ రోజే చదివాను. ఒకాయన రాశారు: "ఆట బాగుంది. ఏడో గుంట దగ్గర ఒక పెద్దాయన బోర్లా పడి ఉన్నారు. పాపం అని లేవదీయబోతే టేపు కొస పట్టుకోమన్నారు." ఇంకొకామె: "కొలను అందంగా ఉంది. అందులో మనిషి లేకపోతే ఇంకా బాగుండేది." మూడో కార్డులో ఒకటే ముక్క: "ఈ స్థలం ఎప్పుడు అమ్ముతున్నారు?"

ఆ ముక్కే మా కొంప ముంచింది. భూమి కొలుస్తున్నారంటే రిసార్టు అమ్మేస్తున్నారనే కదండీ అర్థం! సాయంత్రానికల్లా వంటమనిషి వేరే చోట కుదురుకున్నాడు. రెండు కుటుంబాలు గదులు వద్దన్నాయి. యజమాని గారు ఆదరాబాదరా కారేసుకుని వచ్చి, మీరు ప్రభుత్వం తరఫున వచ్చారనుకుని, "సర్వేవాళ్ళతో మనకెందుకయ్యా, ఆయన ఎంతంటే అంతే రాయించు" అన్నారు. బోర్డు మార్చేశాం. ఇప్పుడు నూట ముప్ఫై నాలుగు గజాల ఒక అడుగు. ఇక ఆ గుంటకి పలక లేనట్టే. అమ్మగారి పేరు సగం చెక్కి ఆపేశారు. ఆవిడకి ఈ మాట ఎలా చెప్పాలో నాకు తోచడం లేదు. తమరే నచ్చజెప్పాలి.

ఇట్లు,
తమ విధేయుడు, మేనేజరు

తా.క. తమ బంతి కోసం కొలను తోడించాం. నలభై ఒక్క బంతులు, ఒక కళ్ళజోడు దొరికాయి. ఆకుపచ్చ చుక్క లేదు. గులాబీ రంగు గోళ్ళరంగు చుక్కతో ఒకటుంది. ఎవరిదో ఏమో.

---

మేనేజరు గారికి,

సర్వేయరు గారి భార్య రాసేది. ఆసుపత్రివాళ్ళు ఉత్తరం రాశారంటే కంటికేం ముంచుకొచ్చిందోనని హడలిపోయి కవరు విప్పాను. ఆయన కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. జబ్బల్లా కడుపులో కుళ్ళు.

మీ అందరికీ ఒక నిజం చెప్పాలి. గులాబీ చుక్క బంతి నాది. అది బుడుంగుమని కొలనులో పడటం నేను కళ్ళారా చూశాను. మా ఆయన కర్ర తుడుచుకుంటూ చూడలేదు. తోటమాలి గుంటలోకి తొంగిచూసి కేకేసింది ఆ తర్వాతే. గుంటలోంచి నేను తీసిన బంతి మీద ఆకుపచ్చ చుక్క ఉంది.

అవునండీ. ఆయనదే.

పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చే మనిషి. బంతి చూడగానే నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. "ఏమండీ" అని నోరు తెరిచాను. ఆయన పొదల్లోంచి చొక్కాకి ముళ్ళతో లేచి, "ఇదీ ఒక గుంటేనా! చంటిపిల్ల కొట్టినా పడుతుంది" అన్నారు. తోటమాలి నాకు చేతులెత్తి నమస్కారం పెడుతుంటే మా ఆయన మొహం తిప్పుకున్నారు. నాకు కోపం రాలేదు, బాధేసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఒక్కరోజు నాకు పేరొస్తే ఓర్చుకోలేకపోయారే అని. ఒక్క ముక్క 'భేష్' అని ఉంటే అక్కడికక్కడే ఆ బంతి ఆయన చేతిలో పెట్టేదాన్ని. అనలేదు. బంతి సంచిలో వేసుకున్నాను. పోనీ బస్సులో చెబుదామనుకుంటే, బస్సు దిగేదాకా ఆయన వేళ్ళ మీద గజాలు లెక్కపెడుతూనే ఉన్నారు.

ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారంటారు. మా ఆయన తన బంతి పడిన గుంటని తనే పూడ్చుకొచ్చారు.

ఇవాళ పొద్దున కాఫీ గ్లాసు పక్కన మీ ఉత్తరమూ, ఆ బంతీ పెట్టాను. "గుంటలో పడింది మీదే. ఆ రోజు 'భేష్' అని ఉంటే అక్కడే ఇచ్చేదాన్ని" అన్నాను. బంతి తిప్పి చుక్క చూశారు. కాఫీ ముట్టుకోలేదు. చివరికి "నా టేపేదీ?" అన్నారు.

ఇట్లు,
సర్వేయరు గారి భార్య

తా.క. ఆ టేపు సంగతి ఆయనకి తెలియదు. పోయిన వానాకాలంలో బట్టల తీగ తెగితే, నెలన్నరపాటు తడి దుప్పట్లన్నీ దాని మీదే ఆరేశాను. చెప్పనా మాననా అని ఆలోచిస్తున్నాను.

---

మేనేజరు గారికి,

నా టేపు సాగింది. ఇనుప స్కేలు పెట్టి చూశాను. ముప్ఫై గజాలుండాల్సింది ముప్ఫై ఒకటింబావు ఉంది. సాగిన టేపుతో కొలిస్తే దూరం తక్కువ వస్తుంది. ఆ లెక్కన మీ ఏడో గుంట రెండున్నర అంగుళాలు తక్కువ నూట నలభై గజాలు. ఒప్పుకోదగ్గదే. పాత బోర్డు పెట్టించండి. వంటమనిషిని వెనక్కి పిలిపించండి. నేను ప్రభుత్వం తరఫున రాలేదని యజమాని గారికి చెప్పండి.

పలక సంగతి. కొట్టింది నేను, తీసింది ఆవిడ. సర్వీసులో ఏనాడూ తప్పు రాయలేదు, ఇప్పుడూ రాయను. అయినా సగం చెక్కిన పేరు అలా వదిలెయ్యడం బాగుండదు. మా ఆవిడ పేరే పూర్తి చేయించండి. కింద చిన్న అక్షరాలతో 'బంతి ఈమె భర్తది' అని వేయించండి. మరీ చిన్నవి వద్దు.

ఆదివారం ఇద్దరం వస్తున్నాం. తాడు నేనే లాగుతాను. పావుగంట చాలకపోవచ్చు.

ఇట్లు,
రిటైర్డు సర్వేయరు

తా.క. టేపు ఎలా సాగిందో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. దాని పొడుగునా క్లిప్పుల గాట్లున్నాయి. తీసుకెళ్ళి పెరట్లో మళ్ళీ కట్టేశాను.

వంటింట్లోకి వెళ్ళి 'భేష్' అన్నాను. "ఇప్పుడా?" అంది. చల్లారిన కాఫీ మాత్రం మళ్ళీ వెచ్చబెట్టి ఇచ్చింది.