తీగలు పీకిన ఒడ్డున మా శ్మశానం

జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,
మొగలిదిబ్బలపేట మత్స్యకారుడు మైలపల్లి లక్ష్ముడు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: సముద్రపు కోత ఆపుటకై గ్రామస్తులు శ్రమదానముతో పెంచిన తీగలను, మొగలి మొక్కలను తొలగించినందున శ్మశానము కొట్టుకుపోయిన సంగతి, వేరొక స్థలము కొరకు విన్నపము.

1. చనిపోయినవారిని పూడ్చిపెట్టడం మా ఆచారం. మా శ్మశానం ఊరికి ఉత్తరాన, ఒడ్డున ఉన్న ఇసుక దిబ్బ వెనుక ఉండేది. ఇంటరు చదువుతూ విషజ్వరంతో పోయిన మా అమ్మాయి ఝాన్సీని అక్కడే పెట్టుకున్నాము. ఏటేటా తుపానులకు దిబ్బ కరిగి, సముద్రం దగ్గరికి వస్తూ ఉండేది.

2. ఆ దిబ్బను నిలపాలని నా భార్య అమ్మడు పూనుకున్నది. పక్క ఊరి ఒడ్డు నుంచి, ఇసుక మీద పాకే ఊదాపూల తీగను తెచ్చి ఒక్కతే నాటడం మొదలుపెట్టినది. ఆమెను చూసి మరికొందరు ఆడవారు కలిసినారు. చేపలు అమ్ముకొని వచ్చి, మధ్యాహ్నపు ఎండలో తీగ ముక్కలు, మొగలి పిలకలు గంపలతో మోసి నాటినారు. వేళ్లు పట్టేవరకు బోరింగు నీళ్లు బిందెలతో పోసినారు. ఎవరూ కూలి అడగలేదు. తీగ అల్లుకొని, గాలికి ఎగిరే ఇసుకను పట్టి, దిబ్బ మళ్లీ నడుమెత్తు లేచినది.

"పిల్లకి దుప్పటి కప్పినట్టున్నాది సూడు మావా" అని నా భార్య నవ్వినది. అమ్మాయి పోయాక ఆమె నవ్వగా నేను చూచుట అదే మొదలు.

3. పోయిన శీతాకాలంలో బీచ్ ఉత్సవమని గుత్తేదారు మనుషులు జేసీబీతో వచ్చినారు. నా భార్య దానికి అడ్డంగా నిలబడినది.

"బాబూ, అది సెత్త కాదు. ఇసకని అట్టుకునుంది అదే. ఎనకాల మా పిల్ల ఉన్నాది" అన్నది.

"స్టేజీ ముందర పిచ్చితీగలేటమ్మా? పండగయ్యాక మల్లీ ఏసుకోండి" అని వారి సూపర్‌వైజరు చెప్పినాడు.

ఆడవారిని పక్కకు లాగి, సాయంత్రానికి మొత్తం పీకివేసినారు. ఉత్సవం నాడు, పర్యావరణానికి సేవ చేసిన మహిళ అని చెప్పి అదే స్టేజీ మీద నా భార్యకు శాలువా కప్పినారు. ఆమె వద్దనలేదు. ఇంటికి వచ్చి పొయ్యిలో పెట్టినది.

4. ఆ తరువాతి అల్పపీడనానికి, తీగలు పీకిన చోటు నుంచే కెరటాలు లోపలికి వచ్చినవి. తెల్లవారి మేము వెళ్లేసరికి సగం శ్మశానం లేదు. మగవారమందరం ఒడ్డు వెంట వెతికి, దొరికినవారిని దొరికినట్టు అటవీశాఖ వారి సరుగుడు తోట గట్టున పూడ్చినాము. ఎవరు ఎవరో చెప్పలేము. మా అమ్మాయిని పెట్టిన చోట నీళ్లే ఉన్నవి. కొన్నాళ్లు ఊరంతా పడవలు కదపలేదు. తరువాత ఆకలికి కదిపినాము. వల లాగినప్పుడల్లా చేపలకంటే ముందు ఎముకల కోసం వెతుకుచున్నాను. ఇది అర్జీలో వ్రాయదగినది కాదని ఎరుగుదును.

5. మండల కార్యాలయంలో విన్నవించుకొనగా, గుమాస్తా గారు కాగితాలు తిరగేసి, "మీ సర్వే నంబరు ఇప్పుడు సముద్రంలో ఉన్నాది. భూమే లేకపోతే నష్టమేటని రాయమంటావు?" అన్నారు.

"భూమే ఉంటే నానెందుకొస్తాను బాబూ?" అన్నాను. మరుసటి వారం రమ్మన్నారు. ఇప్పటికీ అదే మాట.

6. మిగతా ఆడవారు నాటడం మానుకున్నారు. నా భార్య మాత్రం నేటికీ పొద్దున్నే తీగ ముక్కలు పట్టుకొనిపోయి తడి ఇసుకలో గుచ్చి వస్తున్నది. పోటుకు అవి పోతున్నవి. వద్దని చెబితే, "నువ్వు ఆ సంద్రంలోకి ఏటకెల్లడం మానీసినావా?" అని అడుగుచున్నది.

కావున సరుగుడు తోట వెనుక ప్రభుత్వ భూమిలో శ్మశానానికి చోటు ఇప్పించి, మిగిలిన దిబ్బ మీదికి యంత్రాలు రాకుండా ఉత్తర్వు చేయించి, మేము మళ్లీ నాటుకొనే వీలు కల్పించ వేడుకొనుచున్నాను. ఆ దిబ్బ ఇంకొక తుపానుకు ఆగదు గనుక వేగిరముగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మైలపల్లి లక్ష్ముడు

మరొక మాట: కవరు అంటించబోతుండగా మా ఎదురింటి అసిరమ్మ పోయినది. సరుగుడు తోటలో గొయ్యి తీయబోతే, ఇంకొకటి తవ్వితే కేసేనని తోట కాపలావాడు మా పార పట్టుకుపోయినాడు. మనిషిని ఈదిలో పెట్టుకుని కూకున్నాం బాబూ. ఎండెక్కిపోతన్నాది. ఎక్కడ పెట్టమంటారో సెప్పండి.