ఇరవై మీటర్ల చదరంలో ఒక రాయి

1వ తేదీ, సోమవారం

ఉదయం 9:40. ఈ రోజు నుంచి లోతు అంకెలను చేత్తో తీయను. తీయనంటే తీయను! పదకొండేళ్లుగా సరస్సు సర్వేలో ఎక్కువైన అంకెలను మౌసుతో ఒక్కొక్కటే నొక్కి తీసేస్తున్నాను. మణికట్టు చూసిన డాక్టరు "తాపీపనా మీది?" అని అడిగాడు.

నియమాలు:
1. మౌసు ముట్టను.
2. పనంతా కమాండుతోనే.
3. "ఈ ఒక్కసారికి" అనే మాట వాడను.

మౌసును సొరుగులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి మా ఆవిడకు ఇచ్చాను.

"సిగరెట్లు మానేసినప్పుడు కూడా ఇలాగే తాళంచెవి ఇచ్చారు," అంది.

ఆ సంగతి ఇప్పుడు అనవసరం.

2వ తేదీ, మంగళవారం

10:00. పని: సరస్సు మొదటి సగానికి కొత్త లోతు మ్యాపు. గడువు పదకొండో తేదీ. ప్రయాణికుల లాంచీ నడిపే సరంగు మా అక్క భర్తే. బావ ముప్పై ఏళ్లు మ్యాపు లేకుండా నడిపాడు. చూపు తగ్గిందని పదిహేనున దిగిపోతున్నాడు. కొత్త సరంగుకు ఈ నీళ్లు తెలియవు, మ్యాపు చూసే నడపాలి.

సర్వే పడవ తెచ్చిన లోతులు 2,41,306. పడవ వెళ్లిన దారి పొడవునా కుప్పలు, దారికీ దారికీ మధ్య ఖాళీ. అలాగే మ్యాపు గీస్తే చారల చొక్కాలా వస్తుంది. ముందు పలచన చేయాలి.

కమాండు సారాంశం: సరస్సును ఇరవై మీటర్ల చదరాలుగా కొయ్యి. ఒక్కో చదరంలో లోతులను వరుసలో పేర్చి నడిమి లోతు ఉంచు, మిగతావి తీసెయ్.

10:22. ఎంటర్ నొక్కాను.

10:22. అయిపోయింది!! 6,118 మిగిలాయి.

10:23. పదకొండేళ్లు.

10:30. టీ.

11:30. టీ.

4వ తేదీ, గురువారం

మ్యాపు ఇస్త్రీ చేసినట్టు వచ్చింది. ఆఫీసరు "బాగుందయ్యా," అన్నారు. ఆయన ఇంతవరకు నన్ను అన్న మాటల్లో ఇదే పెద్దది.

మధ్యాహ్నం బావను పిలిచి చూపించాను. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని ముక్కుకు ఆనించుకున్నాడు.

"ఏరా, నా రాయేదీ?"

"ఏ రాయి బావా?"

"తూర్పు రేవు దాటాక ఉంటుంది కదరా, మీటరు లోతులో. మన లాంచీ అడుగు మీటరున్నర దిగుతుంది."

మ్యాపులో అక్కడ ఏడు మీటర్లుంది.

"కమాండు అబద్ధం చెప్పదు బావా."

"మరి నేను చెప్తానా?"

టీ తాగకుండా వెళ్లిపోయాడు. బావ టీ వద్దనడం ఇదే మొదటిసారి.

5వ తేదీ, శుక్రవారం

అసలు అంకెలు తెరిచాను. ఆ చదరంలో నలభై ఒక్క లోతులు. ముప్పై ఎనిమిది ఏడు మీటర్ల చుట్టుపక్కల. మూడు మాత్రం మీటరు. నడిమిది ఏడే కదా! రాయి ఓడిపోయింది. కమాండు చెప్పినట్టే చేసింది. చెప్పింది నేను.

ఆఫీసరుకు ఇంకా చెప్పలేదు. ఆయన మూడ్ బాగోలేదు. (చూడలేదు. ఉండదని అంచనా.)

8వ తేదీ, సోమవారం

11:00. చదరాన్ని రెండు మీటర్లకు తగ్గించాను. రాయి వచ్చింది! దాంతోపాటు లక్ష అంకెలూ వచ్చాయి. చారల చొక్కా.

3:10. కొత్త ఉపాయం. చదరం ఇరవై మీటర్లే, కానీ నడిమి లోతు బదులు అన్నిటికన్నా తక్కువ లోతు ఉంచు.

3:11. రాయి వచ్చింది. దాంతో కలిపి మొత్తం నాలుగొందల పన్నెండు మిట్టలు వచ్చాయి. సర్వే యంత్రం పంపే శబ్దం చేపకు తగిలి తిరిగొచ్చినా, అదే సరస్సు అడుగని రాసుకుంటుంది. చేపలు, నాచు అన్నీ కొండలే. ఈ మ్యాపును నమ్మితే లాంచీ రేవు నుంచి కదలదు. భద్రత దృష్ట్యా మంచిదే.

9వ తేదీ, మంగళవారం

ఏది చేపో ఏది రాయో కమాండుకు తెలియదు. నాకూ తెలియదు. తెలిసిన మనిషి టీ తాగకుండా వెళ్లాడు.

సాయంత్రం 5:30. అక్క వాళ్లింటికి వెళ్లాను.

"తప్పు నాదే బావా. రాయి ఉంది."

బావ కూర్చోమని కుర్చీ చూపించాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "పదమూడేళ్ల కిందట లాంచీని దాని మీదికి ఎక్కించింది నేనేరా. లోపల మీ అక్క కూడా ఉంది. అప్పట్నుంచి అక్కడికి రాగానే చేతులు వాటంతటవే తిప్పేస్తాయి. కొత్తవాడి చేతులకి ఎవరు చెప్తారు?"

నాకు సిగ్గేసింది. అక్క టీ పెట్టింది. ఇద్దరం తాగాం.

10వ తేదీ, బుధవారం

ఉదయం ఆఫీసరుకు అంతా చెప్పేశాను. మూడ్ అంచనా నిజమైంది.

తాళంచెవి అడిగాను. మా ఆవిడ ఎదురు ప్రశ్న వేయకుండా చేతిలో పెట్టింది. "తొమ్మిది రోజులు. సిగరెట్లప్పటికన్నా అయిదు రోజులు ఎక్కువే ఆగారు," అంది.

బావ నా పక్కన కుర్చీలో.

"చేప."

నొక్కాను. దాన్ని తీసి ఆ చదరంలో నడిమి లోతు పెట్టాను.

"చేప."

నొక్కాను.

"నాచు. కిందటేడు మన లాంచీ పంకాకి చుట్టుకుంది."

నొక్కాను.

"ఇది?"

"తెలీదు. ఉంచు."

నియమం 1 పోయింది. నియమం 2 పోయింది. సాయంత్రం ఆఫీసరుతో "ఈ ఒక్కసారికి ఒక్కరోజు గడువివ్వండి సార్," అన్నాను. నియమం 3.

12వ తేదీ, శుక్రవారం

తీసినవి 409. రాళ్లు రెండు. తెలియనిది ఒకటి. మణికట్టు వాచింది. మ్యాపు ప్రింటుకు వెళ్లింది.

16వ తేదీ, మంగళవారం

ఉదయం 8:00. కొత్త సరంగు మొదటి ట్రిప్పు. బావ జీవితంలో మొదటిసారి టికెట్టు కొని బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన నేను.

తూర్పు రేవు దాటింది. బావ చేతులు ఒళ్లోంచి లేచి, లేని చక్రాన్ని ఎడమకు తిప్పాయి. అప్పుడే లాంచీ కూడా ఎడమకు తిరిగింది. సరంగు కళ్లు మ్యాపు మీదే ఉన్నాయి.

బావ చేతులు దించేశాడు.

"దిగాక టీ తాగుదామా?" అన్నాడు.

తల ఊపాను.

17వ తేదీ, బుధవారం

ఉదయం 9:40. సరస్సు రెండో సగం లోతులు వచ్చాయి. 3,02,880. ఈ రోజు నుంచి చేత్తో తీయను. తీయనంటే తీయను! మౌసును సొరుగులో పెట్టి తాళం వేశాను.

తాళంచెవి ఈసారి బావకు ఇచ్చాను. జేబులో వేసుకుని, "ఎప్పుడు రమ్మంటావ్?" అన్నాడు.