పాత జీపు, ఒక మేకు, నా బావమరిది

బండ్ల రిపేరు షెడ్డు నడుపుకునే నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, సొంత చేతిరాతతో ఈ వీలునామా రాస్తున్నాను. చూపు తగ్గింది, మతి తగ్గలేదు. పంపకం జరిపించే బాధ్యత నా కూతురిది. దీనికి ముందు రాసిన వీలునామా ఇక చెల్లదు. అందులో నా భార్య తమ్ముడికి ఏమీ లేదు.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నదంతా నా భార్యకు. ఆమె అడగకుండా ఎవరూ సలహాలు చెప్పవద్దు. నేను చాలా చెప్పాను, ఒక్కటీ పనికిరాలేదు.

2. ముందు గదిలో కిటికీ పక్కనున్న కుర్చీ నా కూతురికి. చిన్నప్పుడు నా కోసం ఎదురుచూస్తూ అందులోనే నిద్రపోయేది. ఎత్తుకెళ్లి పడుకోబెట్టేవాణ్ణి. మేలుకునే ఉండేదని నాకు తెలుసు.

3. షెడ్డు, అందులోని పనిముట్లు సమస్తం నా బావమరిదికి. ఎందుకని బంధువులు అడుగుతారు కనుక కారణం రాయక తప్పదు.

స్టీరింగ్ రాడ్డు చివర బాల్ జాయింటు ఉంటుంది. దాని నట్టు వదులై ఊడిపోకుండా స్ప్లిట్ పిన్ను దూర్చి, ఆ పిన్ను రెండు కాళ్లూ వంచాలి. చాలా ఏళ్ల కిందట నా దగ్గర పనిచేసేటప్పుడు ఒక గిరాకీ బండికి పిన్ను దొరక్క బావమరిది మేకు దూర్చి వంచాడు. "ఇది బండిరా, క్యాలెండర్ తగిలించే గోడ కాదు!" అని నలుగురిలో అన్నాను. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నాను. అప్పటి నుంచి ఈ షెడ్ల వరసలో అతని పేరు మేకు.

మొన్న అకాల వానలు వెలిశాక నా పాత జీపు స్టీరింగు పాడైంది. బెత్తెడు తిప్పితే గానీ టైర్లు కదిలేవి కావు. అరిగిన జాయింట్లన్నీ నేనే మార్చి, జీపు మా వాకిట్లో పెట్టాను. మర్నాడు భార్యను, కూతురిని, మనవరాలిని ఎక్కించుకుని కొండ దారిలో వెళ్లాలి. ఆ సాయంత్రం బావమరిది అక్కను చూడటానికి వచ్చాడు. చొక్కా వీపంతా మట్టి.

"ఏరా, మా వాకిలంతా నీ వీపుతో ఊడ్చావా?" అన్నాను.

"అక్క ఊడ్వలేదు కదా బావా, ఎవరో ఒకరు ఊడ్వాలిగా" అన్నాడు.

క్షేమంగా వెళ్లొచ్చాం. వారం తర్వాత గ్రీజు పెడదామని కిందికి దూరితే డ్రైవరు వైపు జాయింటుకు వంచిన మేకు కనిపించింది. ఆ నట్టుకు నేను పిన్నే వేయలేదు. మతి స్థిమితంగా ఉందని పైన రాశాను కనుక మరుపు మీదికి నెట్టే వీలు కూడా లేదు. ఆ మేకు లేకపోతే నట్టు ఏ మలుపులో ఊడేదో రాయడానికి చెయ్యి రావడం లేదు.

పిన్నుకు బదులు మేకు తప్పే, ఇప్పటికీ అదే అంటాను. ఏదీ వేయకపోవడం అంతకంటే పెద్ద తప్పు. నలుగురిలో నేను అతని పరువు తీశాను. అతను నా తప్పు అక్కతో కూడా చెప్పలేదు. మేకు తీసి, ఎవరూ చూడకుండా పిన్ను వేశాను. నాకు ఎక్కువ సిగ్గు దానికే. ఆ తర్వాత రెండుసార్లు వచ్చాడు. ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎండల గురించి మాట్లాడాను.

4. జీపు నా భార్యది. బావమరిది కింద పడుకుని చూసి సరేననే దాకా దాన్ని కొండ దారి ఎక్కించవద్దు.

5. అతన్ని ఆ పేరుతో ఎవరూ పిలవవద్దు. దీన్ని ఆస్తి పంపకంలో భాగంగానే లెక్కించాలి.

6. వీలునామా రాసినవాడు పోయాకే అమలవుతుందని దస్తావేజుల రైటరు చెప్పాడు. మూడో అంశం అంతదాకా ఆగదు. రేపు పొద్దున షెడ్లన్నీ తెరిచాక, వరసలో అందరూ ఉండగా షెడ్డు తాళంచెవి అతని చేతిలో పెడతాను. ఏమని మాట్లాడాలో ఇంకా తోచలేదు. అప్పటికీ తోచకపోతే ఈ కాగితం చదువుతాను. కూతురికిచ్చి చదివించను.

తేదీ: మార్చి పద్నాలుగు, శుక్రవారం

సంతకం: షెడ్డు యజమాని

సాక్షులు:
పక్క షెడ్డు లేత్ పనివాడు
టీ కొట్టు ఆవిడ (చదివి వినిపించాక వేలిముద్ర)