ఓబులమ్మ అడిగిన రెండు మాటలు

శుక్రవారం, జెద్దా

ఎదురింటి సౌదీవాళ్ళ దగ్గర పనిచేసే ఓబులమ్మ సాయంత్రం సలహా కోసం వచ్చింది. కూతురి చదువుకని వాళ్ళ మేడం రెండేళ్ళు న్యూయార్క్‌లో ఉండబోతోందట, ఈమెనూ రమ్మంటోందట. ఆ ఊళ్ళోనే మా చెల్లెలింట్లో ఆర్నెల్లు ఉండొచ్చాను కాబట్టి ఈ వీధికి అమెరికా పండితురాలిని నేనే.

దోసెలు పోస్తూ చలికోటు గురించి, భూమి కింద రైళ్ళ గురించి ఏకరువు పెట్టాను. ఆమె అడిగింది ఒక్కటే.

"అవ్వా, ఆడ ఒక్కదాన్నే వీధిలోకి పోతే ఎవురూ అడగరా?"

"అడగరే. కింద పడినా అడగరు."

ఓబులమ్మ నవ్వలేదు. పదకొండేళ్ళుగా ఇక్కడి సముద్రాన్ని కారు అద్దంలోంచే చూసిన మనిషి. న్యూయార్క్‌లో నేను మొదటిసారి ఒంటరిగా రైలెక్కిన రోజు గుర్తొచ్చింది. పెట్టె నిండా ప్రపంచమంతా ఉంది, నన్ను మాత్రం ఎవరూ చూడలేదు.

"అయితే వెళ్ళు. కానీ పాస్‌పోర్టు నీ దగ్గరే ఉండాలి, వారానికో రోజు నీది కావాలి. విమానం ఎక్కకముందే అడుగు," అన్నాను. ఎప్పటికో అడుగుతుందిలే అనుకున్నాను.

అక్కడికక్కడే మేడంకి ఫోన్ చేసింది. అరబీలో మాట్లాడింది. నాకు అర్థమైంది పాస్‌పోర్టు అన్న మాటొక్కటే. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"ఏమందే?"

"రేపు చెప్తాదంట. ఇంగో దోసె పొయ్యవ్వా."

పెనం మీద ఇంకో దోసె పోశాను. రేపు ఆ మేడం కోపగించి, ఉన్న పనీ తీసేస్తే... సలహా నాది కదా. అయినా ఓబులమ్మ గొంతు ఇంకా చెవిలోనే ఉంది. డెబ్బై రెండేళ్ళలో నేనెవరినీ అలా అడగలేదు.